లీడ్‌లో నోట్ నిలబడాలంటే: గిటార్ ప్రీయాంప్ నుంచి గెయిన్, సస్టైన్ రాబట్టడం ఎలా?

"గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పేశాను అన్నా, అయినా బెండ్ చేసిన నోట్ రెండు సెకన్లకే పోతోంది. రిథమ్ వాయిస్తే అంతా ముద్దముద్దగా వినిపిస్తోంది. ఏ పెడల్ కొనమంటావు?"

నా దగ్గర నేర్చుకునేవాళ్లు, చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో వాయించే కుర్రాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. మీలో చాలామందికి కొత్త పెడల్ అక్కర్లేదు. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతున్నామన్నది) అంతా ఒకేచోట పదికి పెట్టడం మానేసి, రెండు మూడు చోట్ల కొంచెం కొంచెంగా పెంచితే చాలు. దాంతోపాటు సిగ్నల్ క్లిప్ అయ్యే ముందే బేస్ తగ్గించాలి. మిగతా పనంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

కాస్త లెక్క చెబుతాను, ఇంతకు మించి థియరీ ఉండదు. తీగ మీటగానే సిగ్నల్ బలంగా ఉంటుంది, తర్వాత క్రమంగా సన్నబడుతుంది. ప్రీయాంప్, అంటే సిగ్నల్‌ను మొదట పెంచే భాగం, దాన్ని ఒక హద్దు దాటేదాకా పెంచితే, హద్దు పైన ఉన్న భాగం తెగిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటాం. తీగ కంపనం తగ్గుతున్నా, పెరిగిన సిగ్నల్ ఇంకా హద్దు పైనే ఉన్నంతసేపు నోట్ ఒకే స్థాయిలో నిలబడినట్టు వినిపిస్తుంది. ఇలా నోట్ నిలబడడమే సస్టైన్. మీ గిటార్‌లో ఒక నోట్ బలం సెకనుకు సగం చొప్పున తగ్గుతుందనుకోండి. గెయిన్ రెండింతలు చేస్తే నోట్ ఇంకో సెకను నిలబడుతుంది. నాలుగింతలు చేస్తే రెండు సెకన్లు. హమ్ (కరెంటు గుయ్ శబ్దం), హిస్ (సుయ్ శబ్దం) కూడా అన్ని రెట్లే పెరుగుతాయి, అది మర్చిపోవద్దు.

కావలసినవి

- మీ ఎలక్ట్రిక్ గిటార్, కొత్త స్ట్రింగ్స్ ఒక సెట్.
- యాంప్. 10, 15 వాట్ల ప్రాక్టీస్ యాంప్ అయినా ఫర్వాలేదు.
- ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్, అంటే సిగ్నల్‌ను పెంచి కొంచెం క్లిప్ చేసే పెడల్. ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్, బాస్ (Boss) కంపెనీ ఎస్‌డీ-1, లేదా ఆ సర్క్యూట్‌తో చేసిన చవక పెడల్స్‌లో ఏదైనా.
- ఉంటే ఒక ఈక్యూ పెడల్ (బేస్, మిడ్, ట్రెబుల్ భాగాలను వేరువేరుగా పెంచి తగ్గించేది). లేకపోయినా పని ఆగదు.
- మంచి కేబుల్స్ రెండు, సరైన 9 వోల్టుల అడాప్టర్.
- మిల్లీమీటర్ల స్కేలు, చిన్న స్క్రూడ్రైవర్, స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్.
- తొమ్మిదో మెట్టు చేసేవాళ్లకు మాత్రం 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సీసం, డీసోల్డర్ పంప్, మల్టీమీటర్.

1. ముందు కొలిచి రాసుకోండి

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఇప్పుడున్న సెట్టింగ్స్‌లోనే మూడో తీగ, అంటే జీ స్ట్రింగ్, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి గట్టిగా ఒకసారి మీటండి. వైబ్రాటో వద్దు. మిగతా తీగలను అరచేత్తో ఆపి ఉంచండి. నోట్ స్పష్టంగా వినిపించినంతసేపు స్టాప్‌వాచ్ నడపండి. ఇలా మూడుసార్లు చేసి సగటు రాసుకోండి. తర్వాత రెండో తీగ 15వ ఫ్రెట్ మీద ఒక పూర్తి స్వరం (రెండు ఫ్రెట్ల తేడా) బెండ్ చేసి, అంటే తీగను పక్కకు తోసి, అలాగే పట్టుకుని కొలవండి. అన్ని నాబ్‌ల ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

ఫోన్‌లో రికార్డ్ చేసి వేవ్‌ఫామ్ చూసి పోల్చవద్దు. చాలా ఫోన్లు రికార్డింగ్‌లో లెవెల్‌ను వాటంతట అవే పెంచి తగ్గిస్తాయి, కాబట్టి సన్నబడుతున్న నోట్ కూడా బాగా నిలబడినట్టు కనిపిస్తుంది. చెవిని, స్టాప్‌వాచ్‌ను నమ్మండి.

2. గిటార్ సంగతి చూడండి

యాంప్‌కు కలపకుండా అదే నోట్ మీటి, గిటార్ కొమ్ముకు చెవి ఆనించి వినండి. అక్కడే నోట్ ఠక్కున ఆగిపోతుంటే ఏ ప్రీయాంప్ కూడా దాన్ని పూర్తిగా బాగు చేయలేదు. లేని కంపనాన్ని పెంచడం ఎవరివల్లా కాదు.

తీగలు: నల్లబడినా, గరగరలాడినా మార్చండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో తీగలు ఇంకా తొందరగా తుప్పు పడతాయి. వాయించాక పొడి గుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి.

యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు): 12వ ఫ్రెట్ దగ్గర సన్న తీగ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలామందికి సరిపోతుంది. మరీ కిందికి దించితే బెండ్ చేసినప్పుడు తీగ పై ఫ్రెట్‌కు తగిలి నోట్ చచ్చిపోతుంది. చాలామంది దీన్నే "గెయిన్ చాలట్లేదు" అనుకుంటారు. బెండ్ చేసిన నోట్ ఒక్కటే పోతూ మామూలు నోట్ బాగుంటే తప్పు యాక్షన్‌ది, గెయిన్‌ది కాదు.

పికప్ (తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగం) ఎత్తు: ఇక్కడ అందరూ పొరపడతారు. పికప్ తీగకు దగ్గరైతే సిగ్నల్ పెరుగుతుంది, నిజమే. కానీ ఫెండర్ స్ట్రాట్ గిటార్ తరహా సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లలో అయస్కాంతాలు బలంగా ఉంటాయి. మరీ దగ్గరకు తెస్తే అయస్కాంతం తీగను లాగి పట్టుకుంటుంది. అప్పుడు నోట్ తొందరగా ఆగిపోతుంది, పై ఫ్రెట్లలో శ్రుతి కూడా వంకరగా వినిపిస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పికప్ పోల్ పైభాగం దాకా కొలవండి. సింగిల్ కాయిల్ అయితే లావు తీగ వైపు 2 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.6 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. హంబకర్ (రెండు చుట్టల పికప్) అయితే బ్రిడ్జ్ దగ్గర 1.6, నెక్ దగ్గర 2.4 దాకా ఉంచవచ్చు. ఒకసారికి పావు చుట్టు మాత్రమే స్క్రూ తిప్పి మళ్లీ వినండి.

3. కరెంటు, కేబుల్

పెడల్ మీద ఏ గుర్తు ఉందో చూసి అడాప్టర్ పెట్టండి. బాస్, ఐబనీజ్ తరహా పెడల్స్‌కు 9 వోల్టుల డీసీ కావాలి, మధ్య పిన్ మైనస్, బయట ప్లస్. ఇంట్లో దొరికిన ఏదో రౌటర్ అడాప్టర్ తగిలించడం వల్ల నేను ఒక పెడల్ పోగొట్టుకున్నాను. పిన్ సరిగ్గా పట్టింది కానీ పోలారిటీ తిరగబడింది.

హమ్ వస్తోందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయకండి. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎర్త్ లేని యాంప్‌తో వాయిస్తూ మైక్‌కు పెదవి తగిలి షాక్ కొట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఫంక్షన్ హాల్లో గానీ, చర్చిలో గానీ మైక్ సిస్టమ్, గిటార్ యాంప్ ఒకే ఎర్త్ ఉన్న బోర్డు మీద ఉండేలా చూసుకోండి.

కేబుల్ మూడు నాలుగు మీటర్లకు మించకుండా ఉంటే మంచిది. పెడల్ ముందు పొడవాటి కేబుల్ ఉంటే పై స్థాయి శబ్దం కొంత తగ్గిపోతుంది.

4. యాంప్‌ను పునాదిగా పెట్టుకోండి

పెడల్ ఆపేసి యాంప్ ఒక్కటే వినండి. గెయిన్ నాబ్ పదిలో నాలుగు, ఐదు దగ్గర ఉంచండి. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కొంచెం గరుకుగా రావాలి. మాస్టర్ వాల్యూమ్‌తో శబ్దం ఎంత కావాలో అంత పెట్టుకోండి. బేస్ మూడు నాలుగు దగ్గర, మిడ్ ఆరు ఏడు దగ్గర, ట్రెబుల్ ఐదు దగ్గర మొదలుపెట్టండి.

మిడ్ తగ్గించి, బేస్, ట్రెబుల్ పెంచితే గదిలో ఒక్కరే వాయించుకునేటప్పుడు చాలా పెద్ద శబ్దంలా ఉంటుంది. బ్యాండ్‌తో కలిసేసరికి అదే శబ్దం మాయమైపోతుంది. బేస్ గిటార్, డ్రమ్స్ కింది భాగాన్ని, సింబల్స్ పై భాగాన్ని ఆక్రమిస్తాయి. లీడ్‌కు మిగిలే చోటు మధ్యలోనే.

మీ యాంప్‌లో క్లీన్ చానల్ మాత్రమే ఉండి, ఎంత పెంచినా గరుకు రాకపోతే కంగారు పడకండి. ఆ పని చేయడానికి రెండో పెడల్ కావాలి, దాని సంగతి ఐదో మెట్టులోనే చెబుతాను.

5. అసలు పని: గెయిన్‌ను పంచడం

ట్యూబ్ స్క్రీమర్ మామూలు సర్క్యూట్‌లో డ్రైవ్ నాబ్ సున్నా దగ్గర ఉన్నా క్లిప్పింగ్ భాగం సిగ్నల్‌ను సుమారు 12 రెట్లు పెంచుతుంది. నాబ్ చివరిదాకా తిప్పితే సుమారు 118 రెట్లు. అంటే డ్రైవ్ సున్నా అంటే గెయిన్ సున్నా కాదు. ఇంకోటి, ఆ 12 రెట్లు, 118 రెట్లు పూర్తిగా దక్కేది పై శబ్దాలకే. 720 హెర్ట్జ్ నుంచి కిందికి వెళ్లేకొద్దీ గెయిన్ తగ్గుతూ పోతుంది, కాబట్టి లావు తీగల బేస్ డిస్టార్షన్‌లోకి ఎక్కువగా వెళ్లదు. ముద్ద శబ్దం పోవడానికి కారణం ఇదే. క్లిప్ అయిపోయిన తర్వాత బేస్ తగ్గించినా ఆ ముద్ద విడదు, ముందే తగ్గించాలి.

ఇప్పుడు ఇలా చేయండి.

ముందు పెడల్‌ను యాంప్ ఇన్‌పుట్‌కు కలపండి. డ్రైవ్ సున్నా నుంచి రెండు మధ్య, టోన్ ఐదు, లెవెల్ ఏడు ఎనిమిది. పెడల్ ఆన్ చేసినప్పుడు యాంప్ ప్రీయాంప్ గట్టిగా నొక్కినట్టు అవ్వాలి. శబ్దం పెద్దగా పెరగదు, కానీ నోట్ చిక్కబడి సాగుతుంది. అలా కాకుండా శబ్దం మాత్రమే పెరిగితే మీ యాంప్ ఇంకా శుభ్రంగా ఉందని అర్థం. యాంప్ గెయిన్ ఒక అంకె పెంచి మళ్లీ చూడండి.

తర్వాత 12వ ఫ్రెట్ పరీక్ష మళ్లీ చేయండి. సమయం పెరిగితే సరే. పెరగకపోతే డ్రైవ్‌ను ఒక్కో అంకె చొప్పున పెంచుతూ వెళ్లండి. ఎక్కడైతే సమయం పెరగడం ఆగి హిస్ మాత్రమే పెరుగుతుందో, అక్కడి నుంచి ఒక అంకె వెనక్కి రండి. మీ డ్రైవ్ చోటు అదే.

యాంప్ క్లీన్‌గానే ఉండేవాళ్లకు రెండు పెడల్స్ పద్ధతి. మొదటిది ట్యూబ్ స్క్రీమర్ తరహాది, డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ. రెండోది డిస్టార్షన్, ఉదాహరణకు బాస్ డీఎస్-1 తరహాది, గెయిన్ సగం. మొదటి పెడల్ డ్రైవ్ సున్నాలో ఇచ్చే 12 రెట్లు అంటే సిగ్నల్ మూడున్నర సార్లు రెండింతలైనట్టు. పైన చెప్పిన లెక్క ప్రకారం సెకనుకు సగమయ్యే నోట్‌కు దాదాపు మూడున్నర సెకన్లు. అదే ఒక్క పెడల్ పెట్టి దాని నాబ్‌ను సగం నుంచి చివరికి తిప్పితే ఇంత లాభం రాదు. మూడో పెడల్ కూడా కలిపేద్దాం అనిపిస్తుంది. వద్దు, రెండు దాటాక చాలా గదుల్లో హమ్ గెలుస్తుంది.

ఈ ఒకదాని వెనక ఒకటి పెట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. కాలిఫోర్నియాలో రాండాల్ స్మిత్ చిన్న ఫెండర్ ప్రిన్స్‌టన్ యాంప్‌లను మార్చి శక్తి పెంచడంతో మెసా బూగీ యాంప్‌లు మొదలయ్యాయి, తర్వాత ఆయన వాటి ప్రీయాంప్‌లో ఇంకో గెయిన్ స్టేజ్ (సిగ్నల్ పెంచే భాగం) చేర్చారు. పొడవైన నోట్లకు పేరుపడ్డ గిటారిస్ట్ కార్లోస్ సాంటానా వాటిని వాడారు. మార్షల్ జేసీఎం800 యాంప్‌లో కూడా ట్యూబ్ గెయిన్ స్టేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి.

6. ఈక్యూ ఎక్కడ పెట్టాలి?

బాస్ జీఈ-7 లాంటి ఏడు బ్యాండ్ల ఈక్యూ ఉంటే ఓవర్‌డ్రైవ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పెట్టి చూడండి. రెండూ పూర్తిగా వేరు వేరు పనులు చేస్తాయి.

ముందు పెడితే ఏ శబ్దం ఎక్కువ క్లిప్ అవ్వాలో నిర్ణయిస్తుంది. 100 స్లైడర్ కొంచెం కిందికి, 800 స్లైడర్ నాలుగైదు డెసిబెల్స్ పైకి జరపండి. లీడ్ నోట్ కండపట్టినట్టు వస్తుంది, సస్టైన్ కూడా పెరుగుతుంది. తర్వాత పెడితే, యాంప్ క్లీన్‌గా ఉన్నప్పుడు సస్టైన్ మారదు, సోలో వచ్చినప్పుడు శబ్దం పెంచడానికి పనికొస్తుంది. ఒక్కటే ఉంటే ముందు పెట్టండి. యాంప్ క్లీన్‌గా ఉంటే సోలో కోసం పెడల్ లెవెల్ వాడుకోవచ్చు.

7. కంప్రెసర్ అవసరమా?

కంప్రెసర్ అంటే గట్టి శబ్దాన్ని తగ్గించి, సన్న శబ్దాన్ని పెంచి రెండింటినీ దగ్గర చేసే పెడల్. శుభ్రమైన టోన్‌తో మెలొడీ వాయించేవాళ్లకు చాలా ఉపయోగం. ఎక్కువ డిస్టార్షన్ వాడేవాళ్లకు అంతగా అక్కర్లేదు, ఎందుకంటే క్లిప్పింగ్ కూడా ఒక రకంగా కంప్రెషనే. పెట్టాలనుకుంటే ఓవర్‌డ్రైవ్‌కు ముందు పెట్టండి, సస్టైన్ నాబ్ సగానికి మించకుండా ఉంచండి. తర్వాత పెడితే నోట్లకు మధ్య ఉన్న హిస్‌ను పైకి లేపుతుంది.

మన సంగీతంలో గమకాలు గిటార్ మీద వాయించేవాళ్లకు మాత్రం కంప్రెసర్ ఒకసారి ప్రయత్నించమని చెబుతాను. ఒక్క మీటుతో నాలుగైదు స్వరాల మీద జారాలంటే చివరి స్వరం దాకా నాదం ఉండాలి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు నాలుగు జతల తీగల మాండలిన్ వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. ఆ నాదం ఎలా సాగుతుందో వింటే, ఎక్కువ డిస్టార్షన్ లేకుండా కూడా సస్టైన్ ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది.

8. హమ్, హిస్‌తో పోరాటం

గెయిన్ పెంచాక మన దగ్గర 50 హెర్ట్జ్ కరెంటు హమ్, దానికి రెట్టింపు 100 హెర్ట్జ్ బజ్ బయటపడతాయి. నాయిస్ గేట్ (సిగ్నల్ ఒక హద్దు, అంటే థ్రెషోల్డ్, కిందికి పడగానే శబ్దం ఆపేసే పెడల్) కొనేముందు ఇవి చేయండి. సింగిల్ కాయిల్ గిటార్ పట్టుకుని కూర్చున్న చోటే నెమ్మదిగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది, అటే తిరిగి వాయించండి. ల్యాప్‌టాప్ చార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ బల్బు ఒక్కొక్కటే ఆపి చూడండి. తీగ మీద చేయి పెట్టగానే బజ్ తగ్గితే గిటార్ లోపలి గ్రౌండింగ్ మామూలుగానే ఉందని అర్థం. చేయి పెడితే బజ్ పెరిగితే వైరింగ్ చూపించండి.

గేట్ వాడక తప్పకపోతే థ్రెషోల్డ్ వీలైనంత తక్కువ పెట్టండి. ఇంత కష్టపడి తెచ్చుకున్న సస్టైన్ తోకను గేట్ కత్తిరించేస్తుంది. నోట్ మెల్లగా తగ్గకుండా ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంటే తప్పు గేట్‌ది.

9. పెడల్ లోపలి మార్పు, చేయగలిగితేనే

సోల్డరింగ్ అలవాటు లేకపోతే ఈ మెట్టు దాటేయండి. పార్ట్స్ చిన్న చిన్న ఎస్ఎండీ రకం అయితే కూడా దాటేయండి. పెద్ద కాళ్ల పార్ట్స్ ఉన్న ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్‌కు మాత్రమే ఇది. వారంటీ పోతుందని తెలిసే చేయండి.

పెడల్ విప్పి, క్లిప్పింగ్ డయోడ్‌లు ఉన్న ఓపాంప్ భాగం చూడండి. ఐసీ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్ వైపు వెళ్లే దారిలో 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా ఉంటాయి. రెసిస్టర్ మీద పసుపు, ఊదా, ఎరుపు గీతలు, కెపాసిటర్ మీద 473 అని ఉంటుంది. ఆ రెసిస్టర్‌ను 2.2 కిలో ఓమ్‌కు మారిస్తే గరిష్ఠ గెయిన్ 118 రెట్ల నుంచి సుమారు 250 రెట్లకు పెరుగుతుంది. 2.2 కిలో ఓమ్‌కు మూడు గీతలూ ఎరుపే.

చాలామంది రెసిస్టర్ ఒక్కటే మార్చి ఆపేస్తారు, తర్వాత శబ్దం పలుచబడిందని బాధపడతారు. రెసిస్టర్ సగమైతే బేస్ కోత మొదలయ్యే చోటు 720 హెర్ట్జ్ నుంచి 1,540 హెర్ట్జ్ దాకా పైకి జరుగుతుంది. అందుకే కెపాసిటర్‌ను కూడా 0.1 మైక్రోఫారడ్‌కు మార్చాలి. దాని మీద 104 అని ఉంటుంది. రెండూ మారిస్తే కోత మళ్లీ 720 దగ్గరికి వస్తుంది, గెయిన్ మాత్రం పెరుగుతుంది. ఈ పార్ట్స్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో గానీ, మీ ఊరి ఎలక్ట్రానిక్స్ షాపుల్లో గానీ కొద్ది రూపాయలకే దొరుకుతాయి. ఫిల్మ్ రకం కెపాసిటర్ అడగండి, దానికి ప్లస్, మైనస్ ఉండవు.

క్లిప్పింగ్ డయోడ్‌లు తీసి ఎల్‌ఈడీలు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. సస్టైన్ కోసం అయితే వద్దు. మామూలు సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల దగ్గర క్లిప్ చేస్తుంది, ఎర్ర ఎల్‌ఈడీ 1.7 వోల్టుల దగ్గర. హద్దు పైకి పోతుంది కాబట్టి శబ్దం పెరుగుతుంది, కానీ నోట్ ఆ హద్దు కిందికి ముందే పడిపోతుంది. సస్టైన్ తగ్గుతుంది.

ఇంత చేసినా 118 నుంచి 250 అంటే ఒక్కసారి రెండింతలు మాత్రమే. నా అభిప్రాయంలో రెండో పెడల్ ఉన్నవాళ్లకు ఈ కష్టం అక్కర్లేదు. ఒక్క పెడల్‌తోనే నెట్టుకురావలసినవాళ్లకు మాత్రం విలువైన మార్పు.

ట్యూబ్ యాంప్ ఉన్నవాళ్లకు గట్టి హెచ్చరిక. పెడల్ విప్పినంత తేలిగ్గా ట్యూబ్ యాంప్ చాసిస్ విప్పవద్దు. లోపల 300, 400 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉండవచ్చు. తెలిసిన టెక్నీషియన్‌కే ఇవ్వండి. మీరు చేయగలిగింది ప్రీయాంప్ ట్యూబ్ మార్చడం వరకే, అదీ యాంప్ ఆపి, ప్లగ్ తీసి, ట్యూబ్ చల్లారాక. మొదటి ట్యూబ్ చోట ఎవరైనా 12ఏటీ7 పెట్టి ఉంటే దాని యాంప్లిఫికేషన్ 60 మాత్రమే. 12ఏఎక్స్7 పెడితే 100. ఇప్పటికే 12ఏఎక్స్7 ఉంటే ఇంకో కంపెనీ 12ఏఎక్స్7 కొన్నందువల్ల పెద్ద తేడా రాదు.

10. చేతి పని

తీగను ఫ్రెట్ లోహానికి వీలైనంత దగ్గరగా నొక్కండి. బెండ్ చేసేటప్పుడు ఒక వేలితో కాదు, వెనక రెండు వేళ్ల సాయంతో తోయండి. నోట్ సన్నబడబోయే ముందే వైబ్రాటో మొదలుపెట్టండి. పొడవైన నోట్లకు నెక్ పికప్ వాడి చూడండి, గొంతు నిండుగా పలికినట్టు ఉంటుంది. గెయిన్ పెరిగాక వాయించని తీగలన్నీ మోగుతాయి కాబట్టి, కుడి అరచేత్తో లావు తీగలను, ఎడమ చూపుడువేలి అడుగుతో సన్న తీగలను ఆపడం సాధన చేయాలి. ఇది వారంలో వచ్చేది కాదు.

యాంప్ ముందు నిలబడితే ఇంకో లాభం ఉంది. స్పీకర్ శబ్దం తీగను మళ్లీ కదిలిస్తుంది, నోట్ ఆగకుండా సాగుతుంది. యాంప్‌కు ఎదురుగా, ఒక మీటరు దూరంలో, కొంచెం కొంచెం కోణం మారుస్తూ నిలబడండి. ఒకచోట నోట్ దానంతట అదే పైస్థాయికి విచ్చుకుంటుంది. ఆ చోట నేల మీద టేప్ అంటించుకోండి. హెడ్‌ఫోన్స్‌తో ఇది రాదు. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో వాయించి "స్టేజ్ మీద వచ్చే సస్టైన్ ఇంట్లో రావట్లేదు" అనేవాళ్లకు ఇదే జవాబు.

కంప్యూటర్‌లో యాంప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు

ఈ మధ్య ఈ ప్రశ్న ఎక్కువైంది. ఆడియో ఇంటర్‌ఫేస్ మీద ఉన్న గెయిన్ నాబ్ మీ గిటార్ గెయిన్ కాదు. దాన్ని పెంచి ఎర్ర లైటు వెలిగిస్తే వచ్చేది డిజిటల్ క్లిప్పింగ్, చెవిలో గీసినట్టుంటుంది, సస్టైన్ రాదు. గట్టిగా మీటినప్పుడు మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా పెట్టుకోండి. ఇన్‌పుట్ స్విచ్ లైన్ మీద కాకుండా ఇన్‌స్ట్రుమెంట్ మీద ఉండాలి. లైన్ మీద ఉంటే టోన్ డల్‌గా, బలహీనంగా వస్తుంది, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ లోపల ఐదో మెట్టులో చెప్పినట్టే, ముందు ఓవర్‌డ్రైవ్, తర్వాత యాంప్.

సరిగ్గా కుదిరిందా? చూసుకునే పద్ధతి

- మొదటి మెట్టులోని రెండు పరీక్షలు మళ్లీ చేసి పాత సమయంతో పోల్చండి. నోట్ స్పష్టంగా రెండు మూడు సెకన్లు ఎక్కువ నిలిస్తే కుదిరినట్టే.
- గిటార్ వాల్యూమ్ పది నుంచి ఆరుకు తగ్గించండి. డిస్టార్షన్ బాగా తగ్గి రిథమ్‌కు పనికొచ్చేలా అవ్వాలి. ఏమీ మారకపోతే గెయిన్ ఇంకా ఎక్కువ ఉంది.
- రెండు తీగలు కలిపి మీటండి. ఏ రెండు స్వరాలో చెవికి తెలియాలి. గొణుగుడులా ఉంటే ముందు వైపు బేస్ ఇంకా తగ్గించండి.
- చేతులు తీసేసి పది సెకన్లు ఆగండి. హిస్ నోట్ కంటే గట్టిగా వినిపించకూడదు.
- చివరిగా, బ్యాండ్ రిహార్సల్‌లో డ్రమ్మర్ వాయిస్తుండగా వినండి. గదిలో కుదిరిన గెయిన్ అక్కడ దాదాపు ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. ఒక అంకె గెయిన్ తగ్గించి, ఒక అంకె మిడ్ పెంచండి, నోట్ ఇంకా ముందుకు వస్తుంది.

డిలే పెడల్ ఉంటే 350 నుంచి 400 మిల్లీసెకన్ల దగ్గర, రెండు మూడు రిపీట్లతో, మిక్స్ చాలా తక్కువగా పెట్టండి. డిస్టార్షన్ యాంప్‌లోంచి వస్తుంటే డిలేను యాంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీయాంప్ తర్వాత పెడల్ కలిపే సాకెట్లలో) పెట్టాలి, పెడల్ నుంచి వస్తుంటే ఆ పెడల్ తర్వాత. ఈ పరీక్షలు చేసేటప్పుడు మాత్రం డిలే ఆపేయండి, లేకపోతే మీరు కొలిచేది డిలే రిపీట్లనే అవుతుంది.